రెండు గీతలు, ఒక గుండ్రం

ముందు పోతున్న తెల్ల పికప్ వెనక నంబరు పలక మీద అంకెలు రెండు వరసల్లో ఉన్నాయి, పైన అరబ్బీవి, కింద మనవి, ఈ దేశంలో ప్రతి బండీ ప్రశ్నను పైన, జవాబును కింద తగిలించుకునే తిరుగుతుంది, ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, అంటే చూస్తున్నానని అనుకుంటున్నాను, పై వరసలో చివర ఒక గుండ్రం, అచ్చం సున్నా, దాని కిందే నిక్షేపంలా అయిదు, ఒకటో తరగతి పిల్లాడికి చెప్పినట్టు చెబుతోంది పికప్, గుండ్రం అంటే అయిదు నాయనా అని, ఇప్పుడు చెప్పి ఏం లాభం, ఈ మాట రెండేళ్ళ కింద చెప్పాల్సింది. వీపు వెనక సీటుకు మెత్తగా మోకాలు తగిలింది. నమ్రత. సూట్‌కేసులన్నీ డిక్కీలో పట్టక ఒకటి వెనక సీట్లోకి వచ్చింది, దాని పక్కన ఇరుక్కుని కూర్చున్న నా భార్య మోకాలితో పొడుస్తోంది, చెప్పండి, ఇంకెప్పుడు చెబుతారు అని. అజీజియాలో బయల్దేరినప్పటి నుంచి ఇదే వరస. వినపడనట్టు, అంటే తగలనట్టు, ఏసీ మీట సర్దాను. అది సరిగ్గానే ఉంది.

పక్క సీట్లో ఉమారాణి, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు, బ్యాగు మీద పాస్‌పోర్టు, పాస్‌పోర్టు మీద రెండు చేతులు. ముందు కూర్చో ఉమక్కా, చివరిసారి కదా, సముద్రం చూసుకుందువు అని నమ్రతే బలవంతాన కూర్చోబెట్టింది, సముద్రం ఏది, పొద్దుటి నుంచి గాలి, ఊరంతా జల్లెడ పట్టిన పిండిలో కూర్చుంది, నీళ్ళున్న చోట కూడా దుమ్మే కనిపిస్తోంది. ఉమారాణికి అది కూడా ముద్దుగానే ఉన్నట్టుంది, కిటికీలోంచి చూస్తూ నవ్వుకుంటోంది, ఈ దుమ్ము మళ్ళీ తుడవక్కర్లేదని కాబోలు. నేను ఈ దేశం రాకముందు నుంచీ ఆమె అజీజియాలో ఒక పాలీక్లినిక్‌లో నర్సు. ఇప్పుడు ఎగ్జిట్ కొట్టించుకుంది, ఫైనల్ ఎగ్జిట్, తిరిగి రావడం లేదు. కడప వైపు వాళ్ళ మిషన్ ఆసుపత్రిలో చాప్లిన్ ఉద్యోగం ఆమె కోసం అట్టేపెట్టి ఉంచారు, రోగుల పక్కన కూర్చునే ఉద్యోగం, మందు ఇవ్వకుండా, సూది గుచ్చకుండా, వాళ్ళు చెప్పేది వింటూ, అడిగితే ప్రార్థన చేస్తూ. ఒకటో తారీఖున చేరాలి. చేరేటప్పుడు మా వేదాంత కళాశాల సర్టిఫికెట్ చూపించాలి. ఆ సర్టిఫికెట్ రాదు. రాదని ఈ కారులో ఇద్దరికి తెలుసు, ఎందుకు రాదో ఒక్కడికే తెలుసు.

“గౌను వాళ్ళే ఇస్తారాన్నా, మనం కుట్టిచ్చుకోవల్నా?” అంది ఉమారాణి.

ఏం గౌను అని అడగబోయి ఆగాను. పట్టా తీసుకునే రోజు వేసుకునే గౌను. వాళ్ళే ఇస్తారమ్మా అన్నాను. నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో, కళాశాల వాళ్ళు ఇస్తారు, అది నిజమే, పట్టా పుచ్చుకునే వాళ్ళకు ఇస్తారు. అబద్ధం కాకుండా అబద్ధం చెప్పడం ఒక్కరోజులో ఎంత బాగా పట్టుబడింది నాకు. మోకాలు మళ్ళీ తగిలింది, ఈసారి కాస్త గట్టిగా. గౌను వేసుకోవాలంటే తనకు సిగ్గని, ఈ వయసులో నల్లగౌను వేసుకుని ఫొటో దిగితే తమ్ముడి పిల్లలు నవ్వుతారని ఉమారాణి వెనక్కి తిరిగి నమ్రతకు చెబుతోంది. నమ్రత నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు, ఇంటికి వచ్చినవాళ్ళు వద్దన్నా చక్కెర ఎక్కువేసినప్పుడు నవ్వే నవ్వు.

నన్ను నంబరన్న అంటారు. ముందు ఉమారాణే అంది, తరవాత గ్రూపులో అందరూ. అల్ ఖోబార్ చుట్టుపక్కల నుంచి మా వేదాంత కళాశాలలో దూరవిద్య చదివేవాళ్ళ బాగోగులు నేను చూస్తాను, కోఆర్డినేటర్ అని పేరు, పనేమిటంటే పేర్లు నమోదు చేయడం, పాఠాలు పంపడం, అర్థం కానివాళ్ళకు సబ్జెక్టుల కోడ్లు అర్థమయ్యేలా చెప్పడం. మొదట్లో ఆఫీసులో శరత్‌కు వేదాంత కళాశాల అని చెబితే, అది బైబిలు చదువని తెలియక, ఉపనిషత్తులు చదువుతున్నానని చాలారోజులు గౌరవంగా చూశాడు, ఆ గౌరవం చెడగొట్టడం ఇష్టంలేక నేనూ ఊరుకున్నాను, ఊరుకోవడం నాకు మొదటి నుంచీ వచ్చు. మా గ్రూపులో సబ్జెక్టు పేరు ఎవరం రాయం, ఫోన్‌లో పలకం. బైబిలు చదువంటే ఒకప్పుడు ఇక్కడ భయం, ఇప్పుడు రోజులు మారాయి, ఎవరూ ఏమీ అడగరు, అయినా ముందొచ్చినవాళ్ళు పెట్టిన అలవాటు, పాఠాన్ని ట్యూషన్ అంటాం, సబ్జెక్టును నంబరుతోనే పిలుస్తాం. రెండువందల పదిహేను పూర్తయిందా అన్నా, లేదమ్మా ఇంకా మూడో పాఠంలో ఉన్నాను, అలాగన్నమాట. సిద్ధాంతం, సంఘ చరిత్ర, పరిచర్య, అన్నీ అంకెలైపోయాయి. కొత్తగా చేరినవాళ్ళ కోసం నేనొక వాయిస్ మెసేజ్ రికార్డు చేసి పెట్టాను, నా గొంతు నాకే ఇష్టం అందులో. ముందున్న ఇంగ్లీషు అక్షరాలు శాఖ పేరు, పీటీ అంటే పరిచర్య, చిన్నప్పుడు గ్రౌండులో చేతులెత్తించిన పీటీ కాదు, ఇక్కడ కొంచెం నవ్వుతాను, మొదటి అంకె ఎన్నో ఏడాదో, మధ్య అంకె ఒకటైతే దూరవిద్య, చివరి అంకె జాగ్రత్తగా చూసుకోవాలి, సున్నా అయితే ఉత్త వినికిడి, పాఠం వింటారు, లెక్కలోకి రాదు, అయిదు అయితే పని చేస్తారు, అది లెక్కలోకి వస్తుంది. చివరి అంకె జాగ్రత్త. రెండుసార్లు అంటాను ఆ మాట. నమ్రత ఒకసారి విని, ఇంత నొక్కి చెబుతున్నారు, మీరెప్పుడైనా పొరపాటు పడ్డారా ఏమిటి అంది. పడతానా అన్నాను.

పీటీ నూటపది, పీటీ నూటపదిహేను. రెండింటిలోనూ పాఠాలు ఒకటే, రోగుల పరామర్శ. నూటపదిలో విని ఊరుకోవడం, నూటపదిహేనులో వెళ్ళి రోగుల దగ్గర కూర్చోవడం, ఎవరి దగ్గర కూర్చున్నదీ కోఆర్డినేటర్‌కు చెప్పడం, కోఆర్డినేటర్ సాక్ష్యం పంపడం. ఉమారాణి చెప్పింది, ముందు ఏ నంబరు ఎక్కించానో మరిచిపోయి నేను పంపాను. కళాశాలలో ఎవరో వచ్చిన సాక్ష్యాన్ని నూటపది కింద పడేశారు, అక్కడ అది అక్కర్లేని సరుకు, ఎవరూ తెరిచి చూడలేదు, ఆఖరున అందరివీ కూడి చూసే రోజు దాకా. ఆ రోజు ఇవాళే వచ్చింది. పొద్దున పెసరట్టు తింటుంటే రిజిస్ట్రార్ సుందరరావు గారు ఫోన్ చేశారు. ఆయన కంగారు మనిషి కాదు, నెమ్మదిగా మాట్లాడతారు, ఆ నెమ్మదే నన్ను పట్టించింది, ఉరుముతూ అడిగినట్టయితే భయపడి నిజం చెప్పేవాడినేమో. ఉమారాణి గారికి ఒక్కటి తక్కువైందండీ అన్నారు, నూటపది ఉంది, నూటపదిహేను లేదు, మళ్ళీ వచ్చే ఏడాది దాకా అది పెట్టం. నా చేతిలో ముక్క చేతిలోనే ఉంది. అప్పుడే కనిపించింది, కళ్ళ ముందు కట్టినట్టు, నా కారు డిక్కీ మూత, మూత మీద దుమ్ము, దుమ్ములో రెండు గీతలు, ఒక గుండ్రం.

“ఆ కోడ్ ఎవరు పెట్టారండీ, మీరా, ఆమా?” అన్నారాయన. మీ పొరపాటైతే ఒక కాగితం రాసివ్వండి, కమిటీలో పెట్టి సరిచేయిస్తాను, ఆమె పని చేసినట్టు మీ సాక్ష్యం ఉండనే ఉంది అని కూడా అన్నారు. ఆ తరవాత మరొక మాట, ఏదో గుర్తొచ్చి అన్నట్టు, మీకు పాస్టరుగా గురుపట్టా ఇచ్చే ఫైలు కూడా ఈ నెల అదే కమిటీ ముందుంది కదా, ఏదైనా స్పష్టంగా ఉంటే మంచిది. ఆయన బెదిరించలేదు. నాకలా వినపడింది.

“ఆమే పెట్టుకుందండీ” అన్నాను.

అయితే మన చేతుల్లో ఏం లేదు అన్నారు. ఫోన్ పెట్టేశాక పెసరట్టు పూర్తిగా తిన్నాను, అల్లం చట్నీ ఇంకొంచెం వేయించుకున్నాను కూడా. పొయ్యి దగ్గర నుంచి నమ్రత అంతా విన్నది, నా వైపు మాటలే విన్నది, పాపం ఉమక్క, ఎంత పని చేసుకుంది, విమానం ఎక్కేలోపు మీరే మెల్లగా చెప్పండి, అక్కడికి పోయి అందరి ముందూ తెలుసుకోవడం కంటే నయం అంది. మెల్లగా అంది. మెల్లగా అంటే ఎలాగో, గంటకు నూట ఇరవై మీద వెళ్తూ.

రెండేళ్ళ కింద ఆ రోజు ట్యూషన్ అయ్యాక మా మేడ కింద అందరూ ఎవరి దారిన వాళ్ళు పోతున్నారు. ఎవరికి ఏ నంబరు కావాలో అడుగుతున్నాను. జుబైల్ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళవి, రేపు సంఘాలు నడిపేవాళ్ళు కదా అని, నిలబెట్టి ఒక్కొక్క అంకే చదివించి, మళ్ళీ చదివించి ఎక్కించాను. ఉమారాణి డ్యూటీకి ఆలస్యమైందని పరుగు మీద ఉంది, క్లినిక్ వ్యాన్ హారన్ కొడుతోంది, నాది ఇది పెట్టన్నా అని నా కారు డిక్కీ మీద వేలితో రాసి వెళ్ళిపోయింది. పొద్దస్తమానం క్లినిక్‌లో ఎడారి నుంచి వచ్చే బదూ ముసలమ్మలకు టోకెన్ల మీద అంకెలు రాసే చెయ్యి అది, వాళ్ళకు తెలిసేలా వాళ్ళ అంకెల్లో, చెయ్యి అలవాటున అలాగే రాసింది. వాళ్ళ ఒకటీ నిలువు గీతే, మన ఒకటీ నిలువు గీతే. వాళ్ళ అయిదు మన సున్నా. రెండో ఏడాది కోడ్లూ అలాగే రాసింది ఆమె, కానీ వాళ్ళ రెండు వేరేగా ఉంటుంది కదా, చూడగానే అరబ్బీ అని తెలిసిపోతుంది, సరిగ్గానే పెట్టాను. ఆమె రాసిచ్చినవాటిలో ఈ ఒక్కటే రెండు భాషల్లోనూ చదవడానికి వీలైన నంబరు. ఎవరైనా పొరపాటు పడతారు. పడతారు, కానీ రోగుల దగ్గర కూర్చోవడానికే చదువుకుంటున్న మనిషి వినికిడి ఎందుకు తీసుకుంటుందని ఎవరైనా ఒక్క క్షణం ఆలోచిస్తారు. నేను ఆలోచించలేదు. సముద్రం ఒడ్డున కార్నిష్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడితే స్టీరింగ్ మీద ఫోన్ పెట్టుకుని ఆమె పేరు పక్కన నూటపది నొక్కాను, పచ్చదీపం పడింది, పోయాను. ఆ వారమే కారు కడిగించాను. ఆ రాతను ఆమె, నేను తప్ప ఎవరూ చూడలేదు, ఇప్పుడు చూపిద్దామన్నా లేదు, నన్ను పట్టించేదంటూ ఏదీ లేదు. అదే కదా పొద్దున నాకు ధైర్యమిచ్చింది.

దమ్మామ్ దాటాం. మతార్ అని పచ్చబోర్డు, బాణం గుర్తు, విమానం బొమ్మ. వెనక నమ్రత మోకాలు ఆగిపోయింది, అలిగిందో, నిద్రపోయిందో. అద్దంలో చూశాను. నిద్రపోలేదు. ఉమారాణి జడ వైపు చూస్తోంది. ఏం గుర్తొస్తోందో నాకు తెలుసు. మా రెండో కాన్పు నిలవలేదు, ఆరో నెలలో పోయింది. ఆసుపత్రి గదిలో నమ్రత గోడ వైపు తిరిగి పడుకునేది, నేను పక్కన కూర్చుని వాక్యాలు చదివేవాడిని, ఓదార్పు మాటలు చెప్పేవాడిని, పాఠాల్లో ఉన్నవే, వరసగా, ఒక్కటీ వదలకుండా. ఉమారాణి డ్యూటీ దిగి వచ్చేది. వచ్చి మంచం చివర కూర్చుని నమ్రత పాదాలు ఒళ్ళో పెట్టుకునేది. అంతే. ప్రార్థన చేయనా అని అడిగేది, నమ్రత వద్దని తల ఊపితే సరే అనేది. రెండో సాయంత్రం నమ్రత ఏడ్చింది, అంతదాకా ఏడవనిది, నేను తలుపు బయట నిలబడి విన్నాను. తరవాత చాలారోజులకు నమ్రత నాతో అంది, ఆమె ఏమీ చెప్పలేదు, అందుకే ఏడవగలిగాను. ఆ కూర్చోవడం కూడా నూటపదిహేను కిందే నేను సాక్ష్యం పంపాను. ఒక రోగి, మూడు సాయంత్రాలు అని రాశాను, నా భార్య అని రాయలేదు. అది కూడా లెక్కలోకి రాలేదు. నా ఇంటి ఏడుపు కూడా వినికిడి కింద పోయింది. పొద్దున ఆమే పెట్టుకుందండీ అన్నప్పుడు ఈ గది ఎందుకు గుర్తు రాలేదు, ఈ పాదాలు ఎందుకు గుర్తు రాలేదు, గురుపట్టా మాత్రం గుర్తొచ్చింది, ఆ పట్టాకు వేసుకునే తెల్ల అంగీ కొలతలు మొన్ననే పంపాను, ఛాతీ, భుజాలు, చేతి పొడుగు, నా భుజాలకు తెల్ల అంగీ ఎలా ఉంటుందో అద్దం ముందు దుప్పటి కప్పుకుని చూసుకున్నవాడిని నేను.

చెప్పేద్దాం. ఇలా మొదలుపెడదాం, ఉమా, ఒక మాట. లేదా, ఉమా, రిజిస్ట్రార్ గారు పొద్దున ఫోన్ చేశారు. ఆయన ఫోన్ చేశారంటే ఆయన ఏం అడిగారో చెప్పాలి, ఆయన ఏం అడిగారో చెబితే నేనేం అన్నానో చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టినా అక్కడికే వస్తోంది. పొరపాటు చెప్పడం కష్టం కాదు, సిగ్నల్ దగ్గర తొందరలో నొక్కానని చెబితే ఆమె నవ్వేస్తుంది, నంబరన్నకే నంబరు తప్పిందా అంటుంది. రెండేళ్ళ కింద జరిగినదాన్ని నేను మోయగలను. ఇవాళ పొద్దున జరిగినదాన్ని మోయలేను, అది ఇంకా వేడిగా ఉంది, పెసరట్టు వాసన కూడా పోలేదు. పోయిన శుక్రవారమే కదా ట్యూషన్‌లో ఒప్పుకోలు గురించి గంటసేపు చెప్పాను, తప్పును ఒప్పుకోవడం వేరు, తప్పును వివరించడం వేరు అన్నాను, బాగా వచ్చింది ఆ వాక్యం, జుబైల్ కుర్రాళ్ళు రాసుకున్నారు. గొంతు సవరించుకున్నాను. ఉమారాణి నా వైపు తిరిగింది. నీళ్ళు కావాలా అన్నాను. వద్దన్నా అంది. వెనక నమ్రత నిట్టూర్చింది, ఆ నిట్టూర్పు ఏసీ చప్పుడులోంచి కూడా వినపడింది.

“పోతానే ఫస్టు ఆడోళ్ళ వార్డుకు పోతా వదినా” అంటోంది ఉమారాణి, “కాన్పు పోయినోళ్ళు ఉంటారు చూడు, వాళ్ళ కాడికి ఎవురూ పోరు. ఏం చెప్పల్లో తెలీక పోరు.” నమ్రత ముందుకు వంగి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. నేను రోడ్డు చూశాను. ఎదర బస్సు, బస్సు వెనక పలక, పైన గుండ్రం, కింద అయిదు.

పార్కింగ్‌లో ఎండ వాలింది గానీ దుమ్ము వాలలేదు. ట్రాలీ తెచ్చాను. డిక్కీ తెరిచి సూట్‌కేసులు దించాను, వెనక సీట్లోది కూడా తెచ్చి పైన పెట్టాను, ఖర్జూరాల డబ్బా హ్యాండిల్ పక్కన ఇరికించాను, ఇంక ఎత్తడానికి ఏమీ మిగల్లేదు. డిక్కీ మూశాను. మూత మీద పొద్దుటి గాలి తెచ్చిన దుమ్ము, మెత్తగా, సమంగా, రాయమన్నట్టు పరుచుకుని ఉంది. చెప్పడానికి నోరు రాలేదు, వేలు వచ్చింది. రెండు గీతలు గీశాను, పక్కన ఒక గుండ్రం చుట్టాను.

“ఇదెంతమ్మా?” అన్నాను.

ఉమారాణి ఒక్క చూపు చూసింది. “నూటపదైదు” అంది. టోకెన్ చదివినట్టు చదివింది.

“నమ్రతా, నువ్వు చదువు.” నమ్రత ఇన్నేళ్ళలో వాళ్ళ అంకెలు నేర్చుకోలేదు, అన్నీ నేనే చదివి పెడతాను. “నూటపది” అంది, ఇదేం ఆట అన్నట్టు. ఆ తరవాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను అప్పుడు చెప్పాను, డిక్కీని చూస్తూ చెప్పాను, నువ్వు రాసింది నూటపదిహేను, నేను చదివింది నూటపది, వినికిడి కింద ఎక్కించాను, అందుకని నీ సర్టిఫికెట్ ఆగిపోయింది, ఆమె చెయ్యి ట్రాలీ మీదే ఉండిపోయింది. ఎయిర్‌పోర్టు బస్సు ఒకటి పక్కనుంచి పోయింది. ఉమారాణి తల ఊపింది. నీ తప్పు కాదులే అన్నా, నా రాత అట్లాంటిది, క్లినిక్ అలవాటు, మన అంకెలు రాసుంటే ఈ బాధ లేకపోయె అంది. నా తప్పు తను తీసుకుంటోంది, అడక్కుండానే, నమ్రత పాదాలు తీసుకున్నట్టు. పొరపాటు జరిగిందని రిజిస్ట్రార్ గారికి చెప్పు అన్నా, ఆయన మంచోడు, సరిచేస్తాడు అని కూడా అంది. సరేనని తల ఊపాను. బతికిపోయాను అనుకున్నాను, నిజంగానే, ఆ రెండు క్షణాలు, గుండె తేలికపడింది, ఇంతేనా, ఇంత సులువా అనుకున్నాను, తెల్ల అంగీ కూడా ఒకసారి కళ్ళ ముందు ఆడింది.

నమ్రత డిక్కీ మీద రాతనే చూస్తోంది.

“మరి పొద్దున ఆయన అడిగితే, ఆమే పెట్టుకుందన్నారుగా?” అంది.

గట్టిగా అనలేదు. నన్ను నిలదీయడానికీ అనలేదు, ఆమెకు నిజంగా అర్థం కాలేదు, లెక్క సరిపోక అడిగింది. జవాబు ఏమిటో అడిగాక తెలిసింది ఆమెకు, మొహంలో తెలిసిపోయింది, ఒక అడుగు వెనక్కి వేసింది. ఉమారాణి నన్ను చూసింది. సూది గుచ్చేముందు నరం ఎక్కడుందో వెతుక్కునే చూపు అది, కోపం ఇంకా అందులోకి రాలేదు.

“పొద్దన్నే తెలుసునా అన్నా నీకు?”

“తెలుసమ్మా.”

క్షమించమని అడగాలి ఇక్కడ. పాఠంలో ఆ తరవాతి మెట్టు అదే. అడగలేకపోయాను, అడిగితే ఇచ్చేస్తుందని భయం వేసింది, ఇప్పటికే ఎక్కువ తీసుకున్నాను ఆమె దగ్గర. కళ్ళు మండుతున్నాయి, దుమ్ము వల్ల అని చెప్పుకోవడానికి బాగానే ఉంది. ఉమారాణి ఖర్జూరాల డబ్బా సరిచేసింది, చున్నీ తల మీదికి లాక్కుంది.

“నాకు చెప్పేది కాదన్నా, ఆయనకు చెప్పు. నేను ఈడే నిలబడుకోని ఉంటా” అంది.

ఫోన్ తీశాను. స్పీకర్ పెట్టాను, ఎవరూ పెట్టమనలేదు. మోగింది, ఇంకా మోగింది, అక్కడ ఇప్పుడు రాత్రి భోజనాల వేళ. ఎత్తారు. చెప్పండి ఉదయకిరణ్ గారూ, ఆమెతో మాట్లాడారా అన్నారు అదే నెమ్మది గొంతుతో. పొద్దున మీరు ఒకటి అడిగారు కదండీ, మళ్ళీ అడగండి అన్నాను. ఏది, ఆ కోడ్ సంగతా, ఎవరు పెట్టారనా అన్నారు.

“నేను” అన్నాను.

ఉమారాణి అంతవరకే ఆగింది. ఆయన ఏమంటారో వినడానికి ఆగలేదు. ట్రాలీ తిప్పుకుంది, నమ్రత నా వైపు చూడకుండా వెళ్ళి ట్రాలీ రెండో పక్క పట్టుకుంది, ఇద్దరూ బండ్ల మధ్య నుంచి లోపలికి నడిచారు. గాలి ఒక్కసారి ఈల వేసి దుమ్ము లేపింది. హలో, హలో, ఏమన్నారు, గాలి చప్పుడుగా ఉందండీ, వినపడలేదు అంటున్నారు సుందరరావు గారు, ఆమే అన్నారా? అద్దాల తలుపులు తెరుచుకుని ట్రాలీని తీసుకుని మూసుకున్నాయి. ఇప్పుడు వినేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె విన్నది, నేను అన్నాను, ఆయనకు అందలేదు, ఇంతవరకూ జరిగింది వినికిడే. డిక్కీ మీద గీతల్లోకి అప్పుడే మళ్ళీ దుమ్ము చేరుతోంది. స్పీకర్ తీసేసి ఫోన్ చెవికి ఆనించుకున్నాను, రెండో చేత్తో గాలి తగలకుండా అడ్డం పెట్టుకున్నాను.

“ఆమె కాదండీ, నేను” అన్నాను. “నేనే పెట్టాను. పొద్దున మీకు అబద్ధం చెప్పాను.”